దిగనివ్వని గని

తానేటి గ్రేస్‌కి కోపం కొత్త కాదు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఆ పిల్ల కోపం ఎరగనివాళ్ళు లేరు. కానీ కర్మాటోలా బొగ్గు గని ముందు నిలబడ్డ ఆ ఉదయం వచ్చిన కోపం వేరు. చెవులు వేడెక్కాయి.

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నెత్తిన దీపం బిగించిన టోపీ, నడుముకి బ్యాటరీ, భుజాన గోనెసంచిలో స్టీలు డబ్బాలు. అన్నీ సర్దుకుని రాయ్‌పూర్ నుంచి రైల్లో బిలాస్‌పూర్, అక్కణ్ణించి బస్సులో గుంతల రోడ్డు మీద గని దాకా వచ్చింది. వెంట వచ్చిన సూరిబాబు కూడా అదే వేషంలో ఉన్నాడు. కాకినాడ కుర్రాడు, ఆమె కన్నా రెండేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకే పరిశోధనాలయంలో ఒకే ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇవాళ అతను సాయానికి వచ్చాడంతే. పని ఆమెది.

గని మేనేజరు ఇద్దరినీ ఎగాదిగా చూసి, సూరిబాబుని లోపలికి తీసుకెళ్ళమని, గని లోపలి పని చూసే ఓవర్‌మాన్‌కి సైగ చేశాడు. గ్రేస్ వైపు తిరిగి హిందీలో మర్యాదగా అన్నాడు.

"మేడమ్, మీరు బైఠియే. చాయ్ తెప్పిస్తాను."

"చాయ్ తాగడానికి రాలేదు సార్. పరిశోధన నాది. పర్మిషన్ కాగితం మీ బల్ల మీదే ఉంది."

"కాగితంలో జి. తానేటి అని ఉంది. మగమనిషి అనుకున్నాం. ఆడవాళ్ళు ఖదాన్‌లోకి దిగకూడదు. కానూన్ ఉంది."

"ఆడవాళ్ళని లోపల పనిలో పెట్టుకోకూడదని ఉంది ఆ కానూన్‌లో. నేను మీ దగ్గర పనికి రాలేదు. జీతం అడగలేదు. ఒక గంట దిగి, బొగ్గు తీసుకుని పైకి వస్తాను."

"సరే, కానూన్ వదిలేయండి. మజ్దూర్లు ఒప్పుకోరు. లోపల దేవి ఉంటుంది. ఆడమనిషి దిగితే దేవికి కోపం వస్తుంది."

"దేవి ఆడది కాదా?"

మేనేజరు నవ్వేసి లోపలికి వెళ్ళిపోయాడు. వాదించినా బాగుండేది. ఆ నవ్వే ఆమెని ఎక్కువ మండించింది. ఎదురుగా లారీల దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి, బొగ్గు తట్టలు నెత్తికెత్తుకుని లారీల్లో పోస్తున్నారు. చీరల మీద, రెప్పల మీద నల్లటి పొడి. 'మోయడానికి పనికొస్తారు, చూడ్డానికి పనికిరారు' అనుకుంది పళ్ళు నూరుకుంటూ. సూరిబాబు ఆమె భుజం మీది సంచి అందుకుని, ఏదో చెప్పబోయి మానేసి, ఓవర్‌మాన్ వెనక వెళ్ళాడు. ఆమె వరండాలో కూర్చుంది. చాయ్ వచ్చింది. తాగలేదు.

ఆ డబ్బాల కథ చెప్పాలి. బొగ్గు పొరల్లో మీథేన్ గ్యాసు ఇరుక్కుని ఉంటుంది. గనిలో అది పోగైతే, ఒక్క నిప్పురవ్వ తగిలినా లోపలున్న వాళ్ళు బతకరు. అదే గ్యాసుని తవ్వకం మొదలుకాక ముందే పైనుంచి బోరు వేసి లాగేస్తే, పొయ్యి కింద మంటవుతుంది, కరెంటు అవుతుంది. అయితే ఏ పొరలో ఎంత గ్యాసు ఉందో ముందు తెలియాలి. బొగ్గుని గోడ నుంచి విడగొట్టిన మరుక్షణం నుంచీ గ్యాసు పోవడం మొదలవుతుంది. అందుకే అక్కడికక్కడే డబ్బాలో వేసి, గాలి చొరకుండా మూత బిగించి, ల్యాబ్‌కి తెచ్చి, ఎంత గ్యాసు బయటికొస్తుందో రోజుల తరబడి కొలవాలి. ఎవరో పంపిన బొగ్గుతో అయ్యే పని కాదది.

ఈ పిచ్చి ఆమెకి ఎమ్మెస్సీలో పట్టుకుంది. జియాలజీ విద్యార్థుల్ని అడవిలో బోరు వేసే క్యాంపుకి తీసుకెళ్ళారు. అక్కడి డ్రిల్లరు భీమారావు, శ్రీకాకుళం మనిషి, వదిలేసిన ఒక బోరు గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీశాడు. నీలంగా మంట లేచింది. దాని మీద గిన్నె పెట్టి అందరికీ టీ కాచి పోశాడు. మిగతా పిల్లలు ఫొటోలు దిగారు. గ్రేస్ మాత్రం ఆ మంట దగ్గరే గొంతుక్కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది.

తండ్రి దేవదాసు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి శాంతమ్మ తిల్దాలో నర్సు, రోజూ లోకల్ రైల్లో వెళ్ళొస్తుంది. పిల్ల టీచరవుతుందని వాళ్ళ ఆశ. "బొగ్గులో ఏముందే, మసి తప్ప?" అని తండ్రి అడిగితే, "మసిలోనే ఉంది నాన్నా మంట," అంది.

ప్రొఫెసరు చెన్నకేశవులు గారు ఆమెని సంతోషంగానే చేర్చుకున్నారు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ మనిషి. మాట నెమ్మది. "మన తెలుగమ్మాయి," అని అందరికీ పరిచయం చేసేవారు. గని విషయం చెప్పినప్పుడు కూడా నెమ్మదిగానే అన్నారు.

"పోనీలే అమ్మాయ్. సూరిబాబు తెచ్చిపెడతాడుగా. నువ్వు ఇక్కడ కొలుచుకో."

అలా ఆ వర్షాకాలమంతా సూరిబాబు గనికి వెళ్ళాడు, డబ్బాలు తెచ్చాడు. గ్రేస్ వాటిని వేడినీళ్ళ తొట్టిలో పెట్టి, గాజు గొట్టంలో నీటి మట్టం చూస్తూ కూర్చుంది. నీటి మట్టం కదల్లేదు. కదిలినా కాస్త. డబ్బా కారుతోందేమోనని సబ్బు నురగ రాసి చూసింది. రబ్బరు వాషర్లు మార్చింది. తన లెక్కల్ని తనే తప్పు పట్టుకుని మళ్ళీ మళ్ళీ చేసింది. ఎన్నిసార్లు చేసినా ఒకటే జవాబు: ఆ బొగ్గులో గ్యాసు లేదు.

ఒకరోజు బొగ్గుని పొడి కొట్టడానికి డబ్బా తెరిచి రేకు మీద బోర్లించింది. బొగ్గుతో పాటు ఒక వేపాకు పడింది. ఎండిపోయి, రెండు ఆకులు మిగిలిన రెమ్మ.

దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. భూమి లోపల అంత లోతున వేపచెట్టు ఎక్కడిది?

సూరిబాబు క్యాంటీన్‌లో పూరీ తింటున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని వేపాకు అతని పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇది మూడో డబ్బాలో వచ్చింది."

అతను దాన్ని చూశాడు. నమలడం ఆగిపోయింది.

"గని బయట కుప్ప మీది నుంచి ఎత్తావు కదూ? వానకి తడిసి, ఎండకి ఎండి, గ్యాసంతా ఎప్పుడో పోయిన బొగ్గు. ఎన్ని డబ్బాలు ఇలా?"

"అన్నీ అక్కా."

"అన్నీనా? నాలుగు నెలల నుంచీ నేను పిచ్చిదానిలా గొట్టం ముందు కూర్చుంటే చూస్తూ ఊరుకున్నావా? నోరు లేదా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. సూరిబాబు తల ఎత్తలేదు.

"లోపలికి దిగితే నాకు ఊపిరాడదక్కా. మొదటిరోజు దిగాను. వంపు తిరిగి వెలుతురు కనపడకుండా పోగానే కాళ్ళు బిగుసుకుపోయాయి. ఓవర్‌మాన్ నన్ను రెక్క పట్టుకుని పైకి తెచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని అతని కాళ్ళావేళ్ళా పడ్డాను. మగాడివై ఉండి భయమా అంటారని... సార్‌కి చెప్పలేకపోయాను. నీకు చెప్పాలని ప్రతిసారీ అనుకున్నాను."

ఆమెకి అతణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. మరుక్షణంలో ఆ కోపం అతన్ని దాటి ఎక్కడికో పోయింది. దిగుతానన్న మనిషిని ఆడదని ఆపేశారు. దిగలేని మనిషిని మగాడని దింపారు. ఈ తెలివి ఎవరిది?

"పూరీ తిను," అంది లేస్తూ. "తిని రా. సార్ దగ్గరికి వెళ్దాం."

అతను రాలేదు. ఆమె ఒక్కతే వెళ్ళింది.

చెన్నకేశవులు గారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సూరిబాబు సంగతి నేను చూసుకుంటాను."

"సూరిబాబుని ఏమీ అనకండి సార్. నా సంగతి చూడండి. మన పరిశోధనాలయం డైరెక్టరు గారితో గనికి ఒక్క ఉత్తరం రాయించండి. చట్టం పుస్తకం నేను లైబ్రరీలో చదివాను. స్త్రీని పనిలో పెట్టుకోకూడదనే ఉంది, స్టూడెంటు దిగకూడదని ఎక్కడా లేదు."

"చట్టం సంగతి కాదమ్మాయ్. లోపల నీకేదైనా అయితే రేపు పేపర్లో వచ్చేది నా పేరు."

"సూరిబాబుకి అయితే రాదా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఏదో చిన్న విషయం గుర్తొచ్చినట్టు అన్నారు.

"అయినా ఇప్పుడిదంతా ఎందుకు? ఆ రీడింగులు నేను నాగ్‌పూర్ సెమినార్‌లో చదివేశాను. గని వాళ్ళకి ఒక కాపీ ఇచ్చాను కూడా. తక్కువ గ్యాసు ఉన్న గని అని తేలిందని మేనేజరు చాలా సంతోషించాడు."

గ్రేస్‌కి లెక్క అర్థమైంది. గ్యాసు తక్కువని తేలితే గని, ప్రమాదం తక్కువున్న మొదటి తరగతిలో ఉంటుంది. లోపలికి గాలి తోలడానికి చిన్న ఫ్యాన్లు చాలు, తనిఖీలు తక్కువ. ఎవరికి సంతోషంగా ఉండదు? రోడ్డు పక్క కుప్పలోంచి ఏరిన బొగ్గుని నమ్ముకుని, పొద్దున్నే దీపాలు తగిలించుకుని దిగే వాళ్ళకి తప్ప!

"సార్, అవి గని రీడింగులు కావు. వేపచెట్టు కింది కుప్పవి. మీరు వాటిని మీ పేరుతో చదివారా?"

"గొంతు తగ్గించు."

"నన్ను అడగనైనా లేదు! నేను ఇంకా చూడాలి, ఇంకా చూడాలి అంటూనే ఉన్నాను కదా!"

"గ్రేస్!" ఆయన మొదటిసారి గట్టిగా అన్నారు. తర్వాత మళ్ళీ నెమ్మదించారు. "చూడు తల్లీ. నీ మంచికే చెబుతున్నాను. టాపిక్ మార్చుకో. కరెంటు ప్లాంటు బూడిదతో ఇటుకలు. ల్యాబ్‌లోనే కూర్చుని చేసుకోవచ్చు. ఆడపిల్లవి, హాయిగా ఉంటుంది."

"నాకు హాయి వద్దు సార్. ఆ పేపరు వెనక్కి తీసుకోండి."

"సరైన రీడింగులు పట్టుకురా, అప్పుడు చూద్దాం," అన్నారు ఆయన. తెచ్చే దారి లేదని తెలిసి అన్న మాట అది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. "మానెయ్యవే, చాలు," అన్నాడు దేవదాసు. "బీర్‌గావ్ స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం ఉందట." శాంతమ్మ కూతురి కంచంలో మజ్జిగ పోస్తూ అడిగింది. "బొగ్గు కోసం నువ్వే కిందికి పోవాలా? అదే పైకి రాదా?"

గ్రేస్ తల్లి మొహంలోకి చూసింది. భీమారావు గొట్టాలు గుర్తొచ్చాయి. గట్టిగా నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

భీమారావు ఎక్కడున్నాడో కనుక్కోవడానికే వారం పట్టింది. అదృష్టమేమిటంటే, కర్మాటోలా గనికి పక్క బ్లాకులోనే కొత్త బోర్లు వేస్తున్నాడు. గనిలో తవ్వుతున్న పొరే అక్కడ ఇంకా లోతుకి దిగుతుంది. డ్రిల్లింగు మిషను ఆ లోతు నుంచి బొగ్గుని స్తంభంలా కోసి, గొట్టంలో పైకి తెస్తుంది. పైన నిలబడేవాళ్ళు ఆడో మగో చట్టానికి అక్కర్లేదు.

"రండమ్మా," అన్నాడు భీమారావు. "మాకు అభ్యంతరం ఏముంది? కాపోతే అడవి. గుడారాలు. అందరూ మగాళ్ళే."

దేవదాసుకి ఆ మాటే పట్టుకుంది. "పెళ్ళి కావలసిన పిల్ల, అంతమంది మగాళ్ళ మధ్య..."

"నేను పోతాను దానితో," అంది శాంతమ్మ. "ఇన్నేళ్ళూ మగాళ్ళ వార్డులో డ్యూటీ చేయలేదా? ఎవరైనా వేషాలు వేస్తే సూది మందు ఉంది నా దగ్గర."

మిగిలి ఉన్న సెలవంతా పెట్టేసింది. తల్లీకూతుళ్ళు చలికాలం మొదట్లో గుడారంలో దిగారు. మూడోరోజు పొద్దున్న బస్సు దిగి సూరిబాబు కూడా వచ్చాడు, సిగ్గుపడుతూ. "పైన అయితే నాకు భయం లేదక్కా," అన్నాడు. గ్రేస్ ఒక్క క్షణం అతణ్ణి చూసి, డబ్బాల పెట్టె అతని చేతిలో పెట్టింది.

రోజుల తరబడి మిషను రాయిని కోస్తూనే ఉంది. ఇసుకరాయి, మళ్ళీ ఇసుకరాయి. శాంతమ్మ వండిపెట్టేది. ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళ పుండ్లకి కట్లు కట్టేది. ఒక మధ్యాహ్నం భీమారావు అరిచాడు. "మేడమ్! బొగ్గు!"

గ్రేస్ చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. పైకి లాగిన గొట్టంలోంచి తడిసిన నల్లటి స్తంభం జారి రేకు మీదికి వచ్చింది. దాని ఒంటి నిండా బుడగలు. చెవి దగ్గర పెడితే చిటపట శబ్దం, గోళీసోడా కొట్టినప్పుడు వచ్చేలాంటిది. సూరిబాబు డబ్బా పట్టుకున్నాడు, ఆమె బొగ్గు దించింది, ఇద్దరూ చెరోవైపు మరలు బిగించారు. అక్కడికక్కడే గాజు గొట్టం తగిలించింది. నీటి మట్టం జారింది. జారుతూనే ఉంది. ఇంకో గొట్టం తేవలసి వచ్చింది.

"ఎక్కువుందా అక్కా?"

"ఎక్కువా?" ఆమె అంకె రాసుకుంటూ అంది. "సూరీ, ఈ పొరనే గనివాళ్ళు చిన్న ఫ్యాన్లు పెట్టుకుని తవ్వుతున్నారు."

సంతోషించాల్సిన రోజు. ఆమెకి మాత్రం కోపం మరింత పెరిగింది. తర్వాత వేసినవాటితో కలిపి నాలుగు బోర్లలోనూ అదే తేలింది.

రాయ్‌పూర్ తిరిగి వచ్చి, రీడింగులు ప్రొఫెసరు గారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు కాగితాలు తిప్పారు. సరిగ్గానే ఉన్నాయని ఆయనకి తెలుస్తూనే ఉంది. తప్పు తెలియని మనిషి కాదు, ఒప్పుకోలేని మనిషి.

"బాగుంది. థీసిస్ రాసెయ్. పాత సంగతులు ఎత్తకు."

ఆమె రాసింది. పాత సంగతులూ రాసింది. సేకరణ పద్ధతి చెప్పే అధ్యాయంలో రెండు వాక్యాలు: గని బయటి కుప్ప నుంచి వచ్చిన నమూనాలను తిరస్కరించినట్టు ఒకటి, స్త్రీ అయినందున పరిశోధకురాలిని గనిలోకి దిగనివ్వలేదు కాబట్టి గని లోపలి నమూనాలు ఇందులో లేవని ఒకటి. ఆ రెండు వాక్యాల కింద ఆయన ఎర్ర గీత గీసి పంపారు. ఆమె తీయకుండా మళ్ళీ టైపు చేయించి ఇచ్చింది. మళ్ళీ ఎర్ర గీత. నెలలు గడిచాయి. ఆయన సంతకం పెట్టరు, ఆమె వాక్యాలు తీయదు.

"రెండు ముక్కలేగా గ్రేసమ్మా, తీసెయ్యరాదూ?" అంది ఆఖరికి శాంతమ్మ కూడా.

"తీసేస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా? గనిలోకి వెళ్ళడం ఈవిడకి ఇష్టం లేక పైనే కూర్చుని చేసిందంటారు. కుప్ప బొగ్గు రీడింగులు నిజమని అలాగే ఉండిపోతాయి."

పీటముడి విప్పింది సూరిబాబు. ఎవరూ చెప్పకుండానే ఒకరోజు ప్రొఫెసరు గదిలోకి వెళ్ళాడు. గ్రేస్ అప్పుడు అక్కడే ఉంది.

"సార్, నాగ్‌పూర్‌లో మీరు చదివిన రీడింగులు నేను కుప్ప మీద ఏరిన బొగ్గువి. నేను గనిలోకి దిగలేదు. నాకు భయం. ఈ మాట ఎక్కడ చెప్పమన్నా చెబుతాను. డైరెక్టరు గారి దగ్గరా చెబుతాను."

చెన్నకేశవులు గారి మొహం నల్లబడింది. "నీ భవిష్యత్తు ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించే వచ్చాను సార్. నాలుగు నెలలు అక్కని మోసం చేశాను. ఇంకా చేయలేను."

ఆ సాయంత్రమే ఆయన థీసిస్ మీద సంతకం పెట్టారు. సెమినారు వాళ్ళకీ గనికీ ఆ రీడింగులు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరాలు రాశారు. నిజం ఒప్పుకున్న ఉత్తరాలు కావు, 'సాంకేతిక కారణాల వల్ల' అని రాశారు. గ్రేస్ తన రీడింగుల కాపీని తనే గనుల భద్రత అధికారులకి పంపింది. వాళ్ళు వచ్చి లోపల కొలిచారు. గని తరగతి మారింది, పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. మేనేజరు మాత్రం ఆ పరిశోధనాలయం మనుషులెవరినీ ఇక తన గేటు దాటనివ్వనన్నాడు. సూరిబాబుకి ఆ ఏడాది ఫెలోషిప్పు ఆపేశారు. అతను భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తూ, ఏడాదికి మళ్ళీ వచ్చి చేరాడు. డబ్బాలు సొంతంగా డిజైన్ చేసే పని తీసుకున్నాడు, గనిలోకి దిగకుండా పైనే కూర్చుని చేసుకునే పని.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో గ్రేస్‌కి వైవా. ధన్‌బాద్ నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దాయన. చాలా ప్రశ్నలు అడిగాడు, అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి పుస్తకం మూసి అడిగాడు.

"గని మీద ఇంత రాశారు. ఒక్కసారైనా దిగారా?"

"లేదు సార్. ఎందుకు దిగలేదో మూడో అధ్యాయంలో ఉంది."

"చదివాను. అది చదువుకి సంబంధించిన విషయం కాదేమో?"

"చదువుకి సంబంధించింది కాకపోతే, నా చదువులో ఇన్నేళ్ళు ఎందుకు తినేసింది సార్?"

పెద్దాయన ఆమెని కాసేపు చూసి, కాగితాల మీద సంతకం చేశాడు.

బయట శాంతమ్మ, దేవదాసు, సూరిబాబు నిలబడి ఉన్నారు. సూరిబాబు పేడా డబ్బా విప్పి అందరికీ పంచుతున్నాడు. చెన్నకేశవులు గారు పరీక్షాధికారి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకొస్తూ, అందరికీ వినపడేలా అన్నారు.

"మా తెలుగమ్మాయండీ! గనిలోకి దిగకుండానే గని గుట్టు విప్పింది!"

"దిగకుండా కాదు సార్," అంది గ్రేస్. "దిగనివ్వకుండా."

ప్రొఫెసరు గారు నవ్వేశారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పరీక్షాధికారి మాత్రం నవ్వలేదు. గ్రేస్ కూడా నవ్వలేదు.

"ఈ ఒక్క రోజైనా ఆ మొహం కాస్త విప్పవే," అంది శాంతమ్మ ఆటో ఎక్కుతూ.

"రేపు విప్పుతానులే అమ్మా," అంది డాక్టర్ తానేటి గ్రేస్. ఆటో శబ్దంలో ఆ మాట తల్లికి వినపడలేదు.